పదమూడున్నర అడుగుల ఫిల్ము

టాటానగర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో నీలకంఠం ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. వారంలో ఆరు రోజులు బండ్లలోంచి మూటలూ బుట్టలూ దింపించేవాడు, మళ్ళీ బండ్లలోకి ఎక్కించేవాడు. ఏడో రోజు, అంటే ఆదివారం, ఒక పదేళ్ళపాటు సాక్చి బజారు అవతల ఒక పాత క్లబ్బు హాల్లో సినిమా వేసేవాడు. అతని గురించి అడిగితే రైల్వే కాలనీలో మన తెలుగువాళ్ళంతా ఆ ఆరు రోజుల సంగతే చెబుతారు. నెమ్మదస్తుడు, తాగడు, ఒకరి జోలికి పోడు, చెల్లెల్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు అంటారు. అదంతా నిజమే. కానీ అసలు చెప్పుకోవలసింది ఏడో రోజు గురించి. అతను జన్మలో చేసిన ఒకే ఒక్క దొంగతనం అలాంటి ఒక ఆదివారం నాడే జరిగింది.

వాళ్ళది ఇచ్ఛాపురం పక్క పల్లె. తండ్రికి పట్టాల గ్యాంగులో పని దొరికి పెళ్ళాంబిడ్డలతో టాటాకి వచ్చేశాడు. నీలకంఠానికి చదువు ఒంటబట్టలేదు. సోంపేట వైపు తిరిగే టూరింగ్ టాకీసులో మేనమామ ఆపరేటరుగా ఉంటే, ఆయన దగ్గర మూడేళ్ళుండి మిషను నడపడం నేర్చుకున్నాడు. ఆ పనిలో చెయ్యి మంచిది. తెగిన ఫిల్మును అతను అతికితే అతుకు ఎక్కడుందో వేలితో తడిమి చూసుకోవాలి తప్ప తెర మీద కనిపించేది కాదు. ఆ నైపుణ్యం మీద అతనికి కొంచెం గర్వం కూడా ఉండేది. ఉన్నా తప్పులేదు, ఆ మనిషికి గర్వపడడానికి ఇంకేముంది?

చెల్లెలు అమ్మణ్ణి అతనికంటే తొమ్మిదేళ్ళు చిన్నది. నాలుగో ఏట వచ్చిన జ్వరంలో చెవులు పోయాయి, వాటితోపాటు అప్పటిదాకా వచ్చిన నాలుగు ముక్కల మాటలూ పోయాయి. తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయాక రెండు గదుల క్వార్టరులో అన్నాచెల్లెళ్ళిద్దరే మిగిలారు. చెల్లెలికి ఓ దారి చూపించాక పెళ్ళి చేసుకుంటానని వాయిదా వేసి వాయిదా వేసి నీలకంఠం నలభై దాటించేశాడు. ఇద్దరికీ మధ్య చేతుల భాష ఒకటి ఉండేది. ఏ బళ్ళోనూ నేర్పిన భాష కాదు, వాళ్ళిద్దరే చిన్నప్పటినుంచీ కూడబెట్టుకున్నది. అందులో ఉప్పుకీ ఊరికీ చావుకీ కోపానికీ దేనికి కావలసిన సైగ దానికి ఉండేది. కాలనీ ఆడవాళ్ళు ఆమెను చూసి నిట్టూర్చేవాళ్ళు, పండగలకి పిలిచి ఒక మూల కూర్చోబెట్టేవాళ్ళు. జాలిపడడం వాళ్ళకి సరదా. అవతలి మనిషికి అది ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించరు.

అమ్మణ్ణికి సినిమాలంటే విసుగు. ఊళ్ళో ఆడే హిందీ సినిమాలకీ, ఏడాదికో రెండు వచ్చే తెలుగు సినిమాలకీ నీలకంఠం తీసుకెళ్ళేవాడు. హీరో ఒకడు రీలు రీలంతా నోరు కదుపుతూ నిలబడతాడు, హాలంతా ఈలలు, ఆమెకి ఒక్క ముక్క అందదు. సగంలోనే కునుకు తీసేది. ఇంక బలవంతం చేయడం మానేశాడు.

డెబ్బై రెండులోనో మూడులోనో ఊళ్ళో ఒక ఫిలిం సొసైటీ మొదలైంది. కార్ఖానా ఇంజనీర్లు కొందరు, ఒక డాక్టరు, కాలేజీ లెక్చరర్లు ఇద్దరు ముగ్గురు, భుజాన గుడ్డసంచీ లేనిదే గుమ్మం దాటని కుర్రకారు మరికొందరు కలిసి పెట్టుకున్నారు. కలకత్తా నుంచి రైల్లో ఇనప పెట్టెలో రీళ్ళు వచ్చేవి. ఒక ఆదివారం జపాను, ఒక ఆదివారం పోలండు, మరో ఆదివారం పటంలో వెతుక్కోవలసిన దేశం. మామూలు హాల్లో వేస్తే రెండో రోజుకి కుర్చీలు తప్ప ఎవరూ మిగలని సినిమాలు. సినిమా అయ్యాక టీ తాగుతూ గంటసేపు వాదించుకునేవాళ్ళు. ఆపరేటరు కావలసి వచ్చి నీలకంఠాన్ని పట్టుకున్నారు. పెట్టెను బండిలోంచి దింపేదీ అతనే, రీళ్ళు తిప్పేదీ అతనే, మళ్ళీ బండెక్కించేదీ అతనే కావడం వాళ్ళకి బాగా కలిసొచ్చింది.

మొదట్లో అతనికి ఆ సినిమాలు చూస్తే నవ్వొచ్చేది. ఒక ముసలాడు మంచులో పది నిమిషాలు నడుస్తాడు, అంతే, రీలు అయిపోతుంది. ఇంతోటి దానికి మిషను దీపంలో కాలే కార్బన్ కడ్డీలు దండగ కదా అనుకునేవాడు.

ఒక ఆదివారం ఆట ఆలస్యమైతే అమ్మణ్ణి క్యారేజీ పట్టుకుని హాలుకి వచ్చింది. కేబిన్లో రెండు మిషన్లకీ చెరో కిటికీ ఉంటుంది, ఆ రెండో కిటికీలోంచి తెరవైపు చూసింది. దీపస్తంభం కాపలావాడి కథ ఏదో నడుస్తోంది. క్యారేజీ కింద పెట్టడం మరిచిపోయి చివరిదాకా అలాగే నిలబడింది. ఇంటికి నడిచి వెళుతున్నప్పుడు దారి పొడుగునా చేతులు ఆడిస్తూ కథంతా చెప్పింది. ఆ కాపలావాడికి పెళ్ళాం ఎప్పుడో చచ్చిపోయింది, దీపం వెలిగించేది ఓడలకోసం కాదు, ఆమెకోసం అంది. నీలకంఠం నవ్వేశాడు. మరుసటి వారం సొసైటీవాళ్ళు పంచిన కాగితంలో డాక్టరుగారు అదే మాట రాశారు, కాకపోతే రెండు పేజీలు తీసుకున్నారు.

ఆ రోజునుంచీ అమ్మణ్ణి ఒక్క ఆదివారం తప్పలేదు. ఆ రీళ్ళలో చాలావాటికి తెర అడుగున మాటల అర్థం చెప్పే ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉండేవి కావు. ఇంజనీరైనా లెక్చరరైనా ఆ దేశపు మాట ఒక్కటీ తెలియకుండా మొహాలు చూసి, నడక చూసి, వెలుగూ చీకటీ చూసి కథ పట్టుకోవలసిందే. ఆ రెండు గంటలూ హాల్లో అందరికీ చెవులు పోయినట్టే. ఆ పనిలో అమ్మణ్ణికి ఉన్న పాతికేళ్ళ అనుభవం వాళ్ళెవరికుంది? చివరికి డాక్టరుగారే కేబిన్ మెట్ల దగ్గరికి వచ్చి, మీ చెల్లెలు ఏమంటోందని హిందీలో అడిగి తెలుసుకుని వెళ్ళేవారు. పండగ ఇళ్ళలో మూలన కూర్చునే మనిషి మాటకోసం అంతటి పెద్దమనుషులు ఎదురుచూడడం నీలకంఠం కళ్ళారా చూశాడు. ఎవరితోనూ చెప్పుకోలేదు గానీ ఆ సంతోషానికి వారమంతా పార్సిల్ ఆఫీసులో బరువులు తేలిగ్గా ఉండేవి.

ఇద్దరూ సినిమాలకి పేర్లు పెట్టుకున్నారు. పేర్లంటే సైగలే. తప్పిపోయిన గాడిదను వెతుక్కుంటూ ఎడారంతా తిరిగే పిల్ల సినిమాకి నెత్తిన రెండు వేళ్ళు. వాన కురుస్తూనే ఉండే జపాను పల్లెకి భుజాలు ముడుచుకోవడం. అలాంటివి నలభై యాభై పోగయ్యాయి. ఆపరేటర్లకి ఒక అలవాటు ఉంది. మిషన్లో ఫిల్ము తెగితే చిరిగిన భాగం కత్తిరించి రెండు కొసలూ అతికేస్తారు, ఆ కత్తిరించిన ముక్క చెత్తబుట్టకి పోతుంది. అలాంటి ముక్కలు నీలకంఠం ఇంటికి తెచ్చి చెల్లెలికి ఇచ్చేవాడు, ఆమె వాటిని వెలుతురుకి పట్టుకుని చూసుకుని దాచుకునేది.

డెబ్బై ఐదు డిసెంబరులో ఆ సినిమా వచ్చింది. తూర్పు యూరప్‌లో ఏదో చిన్న దేశానిది. ఇండియా మొత్తానికి ఉన్నది ఆ ఒక్క కాపీ అనీ, ఇకమీదట ఊరూరూ తిరుగుతుందనీ చెప్పారు. యుద్ధం అయిపోయాక ఒక సిపాయి ఇంటికి నడిచి వస్తుంటాడు. సినిమాలో ముప్పాతిక భాగం ఆ నడకే. ఊరివాళ్ళు అతను చచ్చిపోయాడనుకున్నారు. కడపటి రీల్లో ఇల్లు చేరి గుమ్మంలో నిలబడతాడు. తల్లి వీపు ఇటు తిప్పి చెక్కబల్ల మీద పిండి పిసుకుతూ ఉంటుంది. అతను ఒక అడుగు లోపల వేస్తాడు. ఆమె వెనక్కి తిరగదు. చేతులు మాత్రం ఆగుతాయి. పిండి అంటిన ఆ చేతులు మెల్లగా పైకెత్తి, అటు తిరిగే, సైగలతో చెబుతుంది: ఆలస్యం చేశావు, కాళ్ళు కడుక్కుని రా. అప్పటిదాకా ఆ తల్లికి చెవులు వినిపించవని చూసేవాళ్ళకి తెలియదు. కొడుకు అడుగు ఆమెకి నేలలోంచి తెలిసింది. కొడుకు మొహం వణుకుతుంది, బయటికి వెళ్ళి నూతిగట్టు మీద కూర్చుని ఏడుస్తూ కాళ్ళు కడుక్కుంటాడు. సినిమా అయిపోతుంది.

అమ్మణ్ణి కేబిన్లోంచి అది చూసింది. చేతులతో మాట్లాడే మనిషిని అన్న తప్ప ఆమె ఇంకొకరిని పుట్టాక చూడలేదు. తెర మీద ఆ మనిషి పిచ్చిది కాదు, బిచ్చగత్తె కాదు, నవ్వులాటకి పెట్టిన బొమ్మ కాదు. ఇంటి యజమానురాలు, కన్నతల్లి. రోజూ సాయంత్రం అన్న గుమ్మంలో అడుగుపెడితే అమ్మణ్ణికి కూడా అలాగే నేలలోంచి తెలిసేది. అవతల రోజంతా గూడ్సుబండ్లు పోతూ ఇల్లంతా అదిరినా ఆ అదురులో అన్న అడుగు వేరేగా తెలిసేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పినా నమ్మరని. ఎక్కడో పేరు తెలియని దేశంలో ఎవరికో అది తెలుసు.

ఆట అయ్యాక అన్న చెయ్యి పట్టుకుని ఇంకోసారి వెయ్యమంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోరు విడిచి అడిగిన కోరిక లేదు, చెయ్యి చాచి అడిగిన కోరికా లేదు. ఇదే మొదటిది. హాలు ఖాళీ చేసెయ్యాలి, పెట్టె సాయంత్రం బండికి వెళ్ళాలి, కుదరదన్నాడు. ఆమె సరేనని తల ఊపి వరండాలోకి వెళ్ళి కూర్చుంది. గొడవ చేసినా బాగుండేది. అలా తల ఊపడం చూశాక నీలకంఠం కేబిన్ తలుపు దగ్గరికి వేశాడు.

రీళ్ళు వెనక్కి చుట్టే బల్ల దగ్గర కడపటి రీలు ఎక్కించి ఆ చోటు వెతికి పట్టుకున్నాడు. పిండి చేతులు ఆగిన దగ్గరనుంచి దిగిన దగ్గరిదాకా తొమ్మిది సెకన్లు, పదమూడున్నర అడుగుల ఫిల్ము. మనసులో ఏవేవో లెక్కలు వేసుకున్నాడు. మాటలున్న చోట కోస్తే మాట తెగి ఎవరికైనా తెలుస్తుంది. ఇక్కడ మాటే లేదు, పాట లేదు, చప్పుడు కూడా లేదు. మాటల్లేని చోట పోయేదేముంది అనుకున్నాడు. పాతికేళ్ళు మాటల్లేని మనిషితో ఒకే ఇంట్లో ఉండి కూడా అలా అనుకున్నాడు. బ్లేడు తీసుకుని కోశాడు. కొసలు గీకి ఫిల్ము సిమెంటనే జిగురు రాసి అతికాడు, అతుకు మీద బొటనవేలు రాసి చూసుకున్నాడు. ఎప్పటిలాగే నున్నగా వచ్చింది.

ఆ చుట్టను చెల్లెలి ఒళ్ళో పెట్టి, మిషన్లో చిక్కుకుని తెగిందనీ, పారేసేదేననీ చెప్పాడు. అది నమ్మింది. అన్న అబద్ధమాడతాడని దానికేం తెలుసు?

ఆ చుట్ట వచ్చాక పది పదిహేను రోజులు అమ్మణ్ణి పొద్దున్న పనులయ్యాక కిటికీ దగ్గరే ఉండేది. ఫిల్మును రెండు చేతుల్లో ఆడించి చూసేది, గబగబా లాగి చూసేది. ఎన్ని చేసినా తల్లి చేతులు కదలలేదు. రెండు వందల పదహారు బొమ్మలు, అన్నీ ఇంచుమించు ఒకటే, చేతులు ఒకదాంట్లో ఒక వెంట్రుకంత పైకి, ఇంకోదాంట్లో ఒక వెంట్రుకంత కిందకి. కదిలితేనే అది మాట, ఆగిపోతే వట్టి చేతులు. ఆ సంగతి తెలిసి ఆమె దిగులు పడలేదు, పారేసే ముక్క కదా, ఇంతకంటే ఏం వస్తుందనుకుంది. ఒక మధ్యాహ్నం కత్తెర తీసుకుని వరసనున్న క్వార్టర్ల ఆడపిల్లల్ని పిలిచింది. ఒక్కొక్క బొమ్మా కత్తిరించి ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. తనలాంటి తల్లి ఇంటింటా ఉండాలని దాని సరదా.

నీలకంఠం డ్యూటీనుంచి వచ్చేసరికి మొదటి ముక్క తెగింది. వద్దనడానికి చెయ్యి లేచింది. ఎందుకు వద్దంటే ఏం చెబుతాడు? చెయ్యి దించేసి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగాడు. కత్తెర నడుస్తూనే ఉంది.

ఏడేళ్ళు గడిచాయి. ఆ ఏడేళ్ళూ అతను నిబ్బరంగా నిద్రపోలేదని చెబితే అది అతిశయోక్తి, బాగానే నిద్రపోయాడు. మనిషి దేన్నైనా మరిచిపోగలడు. ఆ బొమ్మలు పిల్లల పుస్తకాల్లో నలిగి, అద్దాల అంచుల్లో వెలిసిపోయి, కొన్ని అత్తారిళ్ళకి వెళ్ళి, మిగిలినవి చీపురు ఊడ్చిన చెత్తలో పోయాయి. సొసైటీ కూడా చిక్కిపోయింది. ఇంజనీర్లు బదిలీ అయ్యారు, ఇళ్ళలోకి టీవీలు వచ్చాయి, ఆదివారం ముప్పై మంది వస్తే గొప్ప. కార్యదర్శిగా గోవిందరావుగారని విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంజనీరు ఉండేవారు. ఎనభై రెండులో ఆయన ఆ సినిమాను మళ్ళీ తెప్పించారు.

నీలకంఠం ఆ మాట చెల్లెలికి చెప్పకుండా దాచాలనుకున్నాడు. కానీ సొసైటీ కాగితం మీద గుమ్మంలో నిలబడ్డ సిపాయి బొమ్మ వేశారు. అమ్మణ్ణి అది చూసి రెండు చేతులతో పిండి పిసికినట్టు చూపించింది. ఆ సినిమాకి వాళ్ళు పెట్టుకున్న పేరు అదే. ఆ వారం రోజులూ ఆమె ఆనందం చూడలేకపోయాడు. పక్క క్వార్టరు పోలమ్మను కూడా బయల్దేరదీసింది. పండగలప్పుడు అమ్మణ్ణిని మూల కూర్చోబెట్టేవాళ్ళలో పోలమ్మ ముందుండేది. తనలాంటి మనిషి ఎలా బతుకుతుందో పోలమ్మకి తెర మీద చూపించాలని అమ్మణ్ణి కోరిక. మిగిలిన బొమ్మలేమైనా ఉన్నాయా అని నీలకంఠం చాటుగా ఇల్లంతా వెతికాడు. నాలుగు దొరికాయి, వాటిమీద చేతుల ఆనవాలు కూడా లేదు.

ఆదివారం పొద్దున్న ఆట మొదలైంది. ముందుగా గోవిందరావుగారు నాలుగు మాటలు చెప్పారు. ఈ సినిమా చూసిన ప్రతి ఊళ్ళోనూ దీని ముగింపు గురించే రాశారనీ, యుద్ధం తల్లి గుండెను కూడా ఎలా రాయి చేస్తుందో ఇంతకంటే కఠినంగా చూపించినవాళ్ళు లేరని అంటారనీ చెప్పారు. కేబిన్లో ఉన్న నీలకంఠానికి ఆ మాట మొదట అర్థం కాలేదు. అతను భయపడుతున్నదల్లా అతుకు దగ్గర బొమ్మ ఎగిరిపడుతుందేమోనని.

ఎగిరిపడలేదు. కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు, అడుగు లోపల వేశాడు. తల్లి వెనక్కి తిరగలేదు. పిండి పిసుకుతూనే ఉంది. కొడుకు మొహం వణికింది, బయటికి వెళ్ళిపోయి నూతిగట్టు మీద కూర్చుని ఏడ్చాడు. అంత సాఫీగా నడిచింది. ఏడేళ్ళ కిందట తాను చేసిన పని నీలకంఠం ఆ నిమిషంలో మొదటిసారి చూశాడు. అతను ఫిల్ము దొంగిలించలేదు. ఒక తల్లి మాట దొంగిలించి, ఆమెను ఊరూరా కసాయిదాన్ని చేశాడు.

కింద హాల్లో డాక్టరుగారు, ముసలాయన అయిపోయారు, ఆ తల్లి చేతులతో ఏదో చెప్పినట్టు తనకి గుర్తని అన్నారట. అది వేరే సినిమా అయి ఉంటుందని అందరూ అంటే, వయసైపోయింది, అలాగే కావచ్చని ఆయన ఒప్పేసుకున్నారట.

నీలకంఠం దిగి వచ్చేసరికి వరండాలో అమ్మణ్ణీ పోలమ్మా నిలబడి ఉన్నారు. అమ్మణ్ణి అన్న మొహంలోకే చూస్తోంది. పోలమ్మ చీర కొంగు సర్దుకుంటూ చెప్పింది.

"ఇదేటి నీలకంఠం, కొడుకు సచ్చి బతికొత్తే ఆ ముసల్ది ఎనక్కైనా తిరిగి సూడనేదు. ఈ మూగదానికి అందులో ఏటి నచ్చినాదో. దాన్ని సూపించడానికేనా నన్ను లాక్కొచ్చినాది?"

పోలమ్మ ఏమంటోందని అమ్మణ్ణి సైగ చేసింది. ఇరవై ఏళ్ళుగా ఎవరేమన్నా అన్న చేతులు సైగల్లోకి మార్చి చెప్పేవి, మాట మరీ గరుకుగా ఉంటే కాస్త నున్నగా చేసి చెప్పేవి. ఈసారి నీలకంఠం ఏమీ నున్నగా చేయలేదు. పోలమ్మ అన్నదంతా అన్నట్టే చెప్పాడు. ఆ తరువాత రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి, ఆ వేళ్ళు తన గుండెకి ఆనించుకున్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. తెగిన ముక్క కదా అది, మిషన్లో చిక్కుకుని తెగింది కదా అని అడిగింది. తెగలేదు, కోశాను, నీకోసం కోశాను అని చెప్పాడు. అమ్మణ్ణి తన చేతులవంక చూసుకుంది. ఆ తల్లి మాటను ముక్కముక్కలుగా కత్తిరించి పంచినవి ఆ చేతులే. వాటిని కొంగులో చుట్టేసుకుంది. ఇంటికి వెళ్ళేదాకా బయటికి తీయలేదు. చేతులు కట్టేసుకుంటే ఆమెకి మాట లేనట్టే. దారిపొడుగునా పోలమ్మ మాట్లాడుతూనే నడిచింది, నీలకంఠం ఏడుస్తూ వెనక నడిచాడు.

మధ్యాహ్నం అన్నం ముట్టకుండా కూర్చుని, కొంగులోంచి చేతులు తీసి ఒకే మాట చెప్పింది. వెళ్ళి వాళ్ళతో చెప్పు. అతను చొక్కా వేసుకుని గోవిందరావుగారి ఇంటికి వెళ్ళాడు.

గోవిందరావుగారు అంతా విన్నారు. కోప్పడలేదు. ఏడేళ్ళ సంగతి, చేసింది ఎవరో కలకత్తావాళ్ళు కూడా పట్టుకోలేరని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. తరువాత నీలకంఠంవైపు తిరిగారు.

"నువ్వు చెప్పకపోతే ఈ విషయం ఎవరికీ తెలిసేది కాదు నీలకంఠం. కమిటీకి చెప్పాక నిన్ను ఆపరేటరుగా ఉంచలేను."

"దానికి తెలిసిపోనాది బాబూ. ఇంకెవులికి తెలిత్తే ఏటి, తెలవకపోతే ఏటి."

కేబిన్ తాళాలు అక్కడే బల్ల మీద పెట్టేశాడు. ఆ తరువాత ఏడేళ్ళు సర్వీసు చేశాడు, రిటైరయ్యి ఇంకొన్నేళ్ళు బతికాడు, ఎవరు పిలిచినా సినిమా హాలు గుమ్మం తొక్కలేదు. మిగిలిన కాగితం పని గోవిందరావుగారు చేశారు. కడపటి రీల్లో తొమ్మిది సెకన్లు లేవనీ, ఆ తల్లికి చెవులు వినబడవనీ, కొడుకు వచ్చాడని నేల అదురు బట్టి తెలుసుకుని చేతులతో మాట్లాడుతుందనీ ఇంగ్లీషులో టైపు చేశారు. ఆమె ఏమంటుందో ఆ మాటలు అమ్మణ్ణి స్వయంగా వచ్చి చెప్పింది. ఆలస్యం చేశావు, కాళ్ళు కడుక్కుని రా. నాలుగుసార్లు చెప్పించుకున్నారాయన, అది కోపం కాదని ఎలా తెలుస్తుందని అడిగారు. అమ్మణ్ణి చేతులు మళ్ళీ మెల్లగా పైకెత్తి చూపించింది. గోవిందరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇది టైపు చేయడం నావల్ల కాదన్నారు. రాయగలిగినంత రాసి పెట్టె మూత లోపల జిగురుతో అంటించారు.

సోమవారం మధ్యాహ్నం పెట్టె కలకత్తా బండికి వెళ్ళాలి. అమ్మణ్ణి కూడా స్టేషనుకి వచ్చింది. కాగితం ఊడిపోలేదని మూత ఎత్తి చూసుకుంది. మూత వేశాక పెట్టె మీద వేలితో చూపించింది. ఒకదానిమీద ఒకటి రైల్వే చీటీలు అంటించి ఉన్నాయి, ఏడేళ్ళుగా అది తిరిగిన ఊళ్ళవి. అవేమిటని అడిగింది. ధన్‌బాద్, రూర్కేలా, భిలాయ్, పాట్నా, నాగపూర్ అంటూ చదవగలిగినంతవరకూ అతను ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. తెలియని ఊళ్ళకి సైగల్లేవు, అందుకని ఒక్కొక్క చీటీకి ఒక్కొక్క వేలు ముడిచింది. పది వేళ్ళు మూడుసార్లు అయ్యాక ఆపమంది.

ఈ కాగితం ఇకమీదట చూసేవాళ్ళకి కదా అని అడిగింది. అవునన్నాడు. ఈ ఊళ్ళన్నిటిలోనూ నాలాంటిది ఒకత్తె ఉండే ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు తీసుకొచ్చి కూర్చోబెట్టే ఉంటారు, అది తెరవైపే చూస్తూ ఏమీ దొరక్కుండా లేచి ఇంటికి వెళ్ళిపోయి ఉంటుంది, దానికి ఇప్పుడు ఎవరు చెబుతారు అని అడిగింది.

బండి వచ్చి నిలబడింది. నీలకంఠం పెట్టె పైకెత్తి సామాన్ల బ్రేకువ్యానులో పెట్టి, తలుపు వేసేశాడు.